శుక్రవారం పోయే బొమ్మ

దసరా అయిన మొదటి వారం, సోమవారం నుంచి గురువారం వరకు, ముంబయి పక్కనున్న భివండి ఊళ్లో, కనేరి పేటలోని ఒక సందులో నాకు డ్యూటీ వేశారు. ప్రపంచ రేడియో సమావేశానికి అది ముందటి సంవత్సరం. ఆ వారం సందులో ఉన్నవారు, ఉన్నవి:

డిప్యూటీ అడ్వైజరు భట్టాచార్య గారు, గ్రూప్ ఏ అధికారి.
కన్సల్టెంట్ ఇంజినీరు ఒకడు, అంటే నేను. కాంట్రాక్టు మనిషిని కాబట్టి ఏ గ్రూపూ లేదు.
ఢిల్లీ నుంచి వ్యాను తోలుకొచ్చిన డ్రైవరు.
ఆ మానిటరింగ్ వ్యాను, దాని నెత్తిన పైకి లేచే స్తంభం, లోపల ఒక స్పెక్ట్రమ్ ఎనలైజరు. గాలిలో ఏ తరంగం ఎంత బలంగా ఉందో గీత గీసి చూపే యంత్రం అది.
ఎదురు మేడ మీద ఒక మొబైల్ కంపెనీ ప్రయోగానికి పెట్టిన పైలట్ బేస్ స్టేషను, అంటే మొబైల్ టవరు.
ఇవతలి మేడ మీద మార్తక్క కేబుల్ డిష్షు, పన్నెండు అడుగులది.
రెండు వైపులా సాంచాల షెడ్లు. సాంచా అంటే మావాళ్ల మాటల్లో పవర్‌లూమ్. అవెన్నో లెక్కపెట్టలేదు. అవి నడుస్తున్నప్పుడు లెక్కపెట్టాలన్న ఆలోచన నిలవదు.

ఉద్యోగ జ్ఞాపకం కాబట్టి నా రిటైర్‌మెంట్ సంగతి ముందే చెప్పేస్తాను. నాకిప్పుడు ముప్పై నాలుగేళ్లు. కాంట్రాక్టు పొడిగించకపోవడాన్ని మా ఆఫీసులో డిస్‌ఎంగేజ్‌మెంట్ అంటారు. నన్ను అలా విడిపించిన రోజే స్టోర్సు సూపరింటెండెంటు ఒకాయన అరవై నిండి పదవీ విరమణ చేశాడు. శాలువాలు జతగా కొన్నారట, ఒకటి మిగిలింది. నాకు కప్పారు. గోడ గడియారం కూడా ఇచ్చారు. శాలువా, గడియారం రెండూ అందుకున్నవాణ్ని రిటైరైనవాడనే అనాలని మా నాన్న తీర్పు చెప్పాడు. ఇప్పుడు భివండిలోనే టెంఘర్‌లో ఆయన షెడ్డు చూసుకుంటున్నాను. పెళ్లిళ్లలో బంధువులు నన్ను రిటైర్డ్ ఇంజినీరు అనే పరిచయం చేస్తారు. అవతలివాళ్లు నా జుట్టు వంక చూసి ఊరుకుంటారు.

ఢిల్లీలో మా సెల్లు, అంటే మా విభాగం, చేసే పని ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. రేడియో తరంగాలను పట్టీలుగా విడదీసి, ఏ పట్టీ ఏ సేవకో రాసిపెట్టిన అంతర్జాతీయ పుస్తకం ఒకటుంది. కొన్నేళ్లకోసారి దేశాలన్నీ ఒకచోట చేరి దాన్ని సవరిస్తాయి. తనకు ఏం కావాలో ప్రతి దేశమూ ముందుగా రాసి, ప్రాంతీయ సన్నాహక సమావేశానికి పంపాలి. ఆ పత్రాన్ని కంట్రిబ్యూషన్ అంటారు. అందులో కామా ఎక్కడ పెట్టాలన్న దాని మీద కూడా మూడు శాఖల అభిప్రాయం తీసుకుంటారు.

అభివృద్ధి చెందుతున్న దేశం వైఖరి రాయడం తేలికని బయటివాళ్లు అనుకుంటారు. మాకు అన్నీ కావాలి, అదీ చిక్కు. ఇంటింటికీ తీగ లాగే స్తోమత లేదు కాబట్టి మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌కు ఎక్కువ పట్టీలు కావాలి. వానలు దంచే దేశం కాబట్టి వానకు తట్టుకునే సీ-బ్యాండ్ ఉపగ్రహ టీవీ కూడా కావాలి. ఈ రెండూ పుస్తకంలో ఇరుగుపొరుగు పట్టీలు. వాటి నడుమ గోడ ఎంత మందం ఉండాలన్నదే ఆ ఏడాది మా పని. ఆ గోడను గార్డ్ బ్యాండ్ అంటారు, ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలే పట్టీ. ఖాళీగా వదిలినదాన్ని వేలం వేయలేరు. అందువల్ల ఢిల్లీలో గార్డ్ బ్యాండ్‌కు చుట్టాలు తక్కువ.

గోడ ఎందుకంటే, ఉపగ్రహం నుంచి డిష్షుకు వచ్చే సంకేతం గుసగుసలాంటిది. బేస్ స్టేషను పక్కనే నడిచే సాంచాలాంటిది. సాంచా పక్కన నిలబడి గుసగుస వినమంటే ఎవరి చెవికైనా కష్టమే. డిష్షుకు చెవి అంటే దాని నడుమ వేలాడే చిన్న పెట్టె. కేబుల్ వాళ్లు దాన్ని డబ్బా అంటారు.

మేం భివండికి వచ్చేటప్పటికే మా పత్రం రాసి ఉంది. పరీక్ష తర్వాత నింపాల్సిన ఖాళీలు కూడా నింపి ఉన్నాయి. నాలుగో పేరా ఇది: "దట్టమైన పారిశ్రామిక పట్టణంలో, అత్యంత ప్రతికూల పరిస్థితుల్లో జరిపిన పరీక్షలో ఉపగ్రహ టీవీకి ఎలాంటి అంతరాయమూ కనబడలేదు. కనుక రెండు సేవల నడుమ గార్డ్ బ్యాండ్ అవసరం లేదు." మేం వెళ్లి ఆ వాక్యం నిజమయ్యేలా చూసి రావాలి. పత్రం పంపడానికి గడువు శుక్రవారం సాయంత్రం ఆఫీసు వేళ ముగిసే వరకు.

కంపెనీ ఆ పైలట్ మొదలుపెట్టి అప్పటికి నెలన్నర. పరీక్ష కోసం ఆ సందులోని మేడలన్నిటికీ అంతస్తుకొక వైఫై పెట్టె ఉచితంగా బిగించారు. బేస్ స్టేషను నుంచి ఆ పెట్టెలకు, పెట్టెల నుంచి జనం ఫోన్లకు ఇంటర్నెట్టు. ఉచితమన్న మాట సందులో పాకినంత వేగంగా ఏ తరంగమూ పాకదు.

సోమవారం వ్యాను దిగగానే మార్తక్క ఎదురొచ్చింది. జగిత్యాల వైపు నుంచి సాంచాల పనికి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. నాన్న మొదలుపెట్టిన కేబుల్‌ను ఆమె నడుపుతోంది. కనేరి తెలుగు ఇళ్లకు తెలుగు ఛానళ్లు ఇస్తుంది. లోకల్ ఛానల్లో ఆదివారం తమ చర్చి ఆరాధనను, మార్కండేయ గుడి పండుగలను ఒకే కెమెరాతో చూపిస్తుంది. బొమ్మ పోతే తానే మెట్లెక్కి వస్తుంది. పెద్ద కంపెనీలు ఆ చివరి పని చేయవు కాబట్టే ఆమె వ్యాపారం అన్నేళ్లు నిలబడింది.

"నువ్వు టెంఘర్ సత్తయ్య కొడుకువు గదా?" అంది.

అవునన్నాను.

"ఢిల్లీల పెద్ద ఇంజినీరువైనవంట. నా బొమ్మ ఎందుకు పోతుందో జెర చెప్పు."

"ఎప్పుడు పోతుందక్కా?"

"శుక్రారం."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు గూడ పోతే డబ్బా ఖరాబైందని నేనే మార్చుకోకపోదునా? శుక్రారం శుక్రారమే పోతది. సోమారం మీ అసొంటి సార్లు వస్తే అద్దం లెక్క నిలవడ్తది. నన్ను అబద్ధాలదాన్ని జేస్తది."

ఆమె అనుమానం ఎదురు టవరు మీద. శుక్రవారం సెలవు కాబట్టి ఆ కంపెనీ మనిషి తీరిగ్గా వచ్చి, కావాలని ఏదో తిప్పి పోతాడని. కంపెనీ మనిషి శుక్రవారం కల్యాణ్‌లో అత్తగారింట్లో ఉంటాడని నాకు తర్వాత తెలిసింది.

"అర్వై ఇండ్లోల్లు తీగ తెంపుకున్నరు తమ్మీ," అంది. "శుక్రారం ఒక్కనాడే మగోళ్లు ఇంట్ల కూసుంటరు. గప్పుడే బొమ్మ పోతే ఇగ నా కనెక్షన్ ఎందుకు? ఇట్లనే రొండు నెలలు నడిస్తే ఈ డిష్షును పాతినుము కింద కబాడీకి ఏసుడే."

ఈ మాటలన్నీ భట్టాచార్య గారికి హిందీలో చెప్పాను. ఆయన మంచి అధికారి, పద్ధతి మనిషి. ఆలోచించి, ఇది అసంభవమన్నారు. ఆయన తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. భివండిలో శుక్రవారం సాంచాలకు సెలవు. సాంచాల మోటార్లు రేడియోకు చెత్త శబ్దం పుట్టిస్తాయి. మోటార్లు ఆగితే గాలి శుభ్రపడుతుంది. కాబట్టి శుక్రవారం బొమ్మ బాగుండాలి, మిగతా రోజులు చెడాలి. మేం సోమవారం నుంచి గురువారం దాకా పరీక్ష పెట్టుకున్నది కూడా అందుకే, అత్యంత ప్రతికూల పరిస్థితి అదే కాబట్టి. శుక్రవారం మధ్యాహ్నం ముంబయి నుంచి ఢిల్లీకి ఆయన విమానం ఉండటం కేవలం కలిసొచ్చిన విషయం.

నాలుగు రోజులు కొలిచాం. మార్తక్క డిష్షు నుంచి వచ్చే తీగను రెండుగా చీల్చి ఒకటి ఆమె గదిలోకి, ఒకటి మా వ్యానులోకి తెచ్చుకున్నాం. సందులో మనుషులు మాటలాడుకోవాలంటే చెవిలో అరవాలి. ఎనలైజరు మీద బేస్ స్టేషను గీత మాత్రం పడుకున్న పాములా ఉంది. బొమ్మ ఒక్కసారి కూడా పోలేదు. మార్తక్క రోజుకు రెండుసార్లు వ్యాను దగ్గరికి వచ్చి, తన టీవీ మీద తనకే కోపం వచ్చినట్టు ముఖం పెట్టి వెళ్లింది.

గురువారం మధ్యాహ్నానికి నాలుగో పేరా నిజమైపోయింది.

ఆ సాయంత్రం వ్యాను ఎక్కడ పెట్టాలని డ్రైవరు అడిగాడు. రాత్రి బ్యాటరీలు ఛార్జి కావాలి, కరెంటు మార్తక్క మేడలోనే ఇస్తారు, కాబట్టి దారి మూసుకుపోయే సందు చివర ఆమె గుమ్మం దగ్గరే పెట్టమన్నాను. ఇది సాంకేతికంగా సరైన సలహా. గురువారం సాయంత్రం భివండి సందుల్లో ఏం జరుగుతుందో డ్రైవరు అడగలేదు. వారం పని ముగుస్తుంది. బట్ట తాన్లు నింపిన టెంపోలు సందులోకి వచ్చి వరుసగా ఆగుతాయి. డ్రైవర్లు తాళాలు జేబులో వేసుకుని ఇళ్లకు పోతారు. మార్కెట్టు మళ్లీ తెరిచే శనివారం పొద్దున దాకా ఆ టెంపోలు గోడలతో సమానం.

శుక్రవారం పొద్దున భట్టాచార్య గారు సూట్‌కేసుతో వచ్చారు. వ్యాను ముందు మూడు టెంపోలు, ఒకదాని వెనక ఒకటి. వీటి డ్రైవర్లెక్కడ అని అడిగారు. మార్తక్క వేళ్లు మడిచి చెప్పింది.

"ఒకడు పక్కూరు పడ్గా పోయిండు. ఒకడు ఊరికి పోయిండు. మూడోడు ఈన్నే ఉంటడు గని వాన్ని లేపిన మొగోడు ఇంకా పుట్టలే."

ఇలా జరుగుతుందని నీకు తెలుసా అని ఆయన నన్ను అడిగారు. ఇక్కడే పుట్టి పెరిగాను సార్ అన్నాను. ఆయన సూట్‌కేసు తీసుకెళ్లి వ్యానులో పెట్టేశారు.

ఆటో ఎక్కి విమానాశ్రయానికి పోవచ్చు కదా అని పాఠకులకు అనిపించవచ్చు. పోలేరు. ఎనలైజరు స్టోర్సు వస్తువు. స్టోర్సు నుంచి దాన్ని సంతకం పెట్టి తీసుకున్న అధికారి, తిరిగి సంతకం పెట్టి అప్పగించేదాకా దాన్ని ఇతరుల మీద వదలకూడదు. కన్సల్టెంట్ సంతకం చెల్లదు. నా మీద ఆయన వదలగలిగినవి టీ గ్లాసు, సూట్‌కేసు, అంతే. విమానం రద్దు చేసుకున్నారు. ఢిల్లీకి ఫోను చేసి, పత్రం ఇక్కడి నుంచే పంపిస్తానన్నారు.

శుక్రవారం కనేరి కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. సాంచాలు ఆగిపోతే ఆ నిశ్శబ్దానికి చెవులు గుయ్యిమంటాయి. మధ్యాహ్నం నమాజు అయ్యాక జనం తెల్ల బట్టల్లో ఇళ్లకు వస్తారు. పనివాళ్లకు భోజనం పెట్టే మెస్సును మా దగ్గర బిస్సీ అంటారు. అందులో ఆ రోజు మటన్. భట్టాచార్య గారు తిని, రెండోసారి వడ్డించమన్నారు. ఇలాంటి భోజనం ఉంటుందని టూరు ప్రోగ్రాంలో ఎందుకు రాయలేదని నన్నడిగారు.

తిన్నాక వ్యానులో కూర్చున్నాం. వేరే పని లేదు కాబట్టి ఎనలైజరు పెట్టాం. తెలుగు ఛానల్లో మధ్యాహ్నం సినిమా మొదలైంది. మార్తక్క టీవీ గుమ్మం దగ్గరే, మాకు కనబడుతుంది.

బేస్ స్టేషను గీత కదిలింది. నాలుగు రోజులు పడుకున్నది తల ఎత్తింది. మార్తక్క టీవీలో హీరో ముఖం గళ్లగళ్లుగా విడిపోయి, మళ్లీ అతుక్కుంది.

పైనుంచి ఒకావిడ కేక వేసింది. "మార్తక్కా, బొమ్మ కొట్టుకుంటుందే."

"చూస్తున్ననే లచ్చవ్వా. నా ఇంట్ల గూడ గట్లనే ఉన్నది."

ఇంకో కిటికీలోంచి ఇంకొకావిడ. "వారమంత మంచిగ ఉంటది, ఇయ్యాలనే సస్తదేంది?"

మార్తక్క ఫోను తీసింది. ఆమె చందాదార్లందరికీ ఒక గ్రూపు ఉంది. దాంట్లో గొంతు రికార్డు చేసి పంపింది. "ఏమనుకోకుండ్రి అక్కలార, అన్నలార. పది నిమిషాలు ఫోన్ల సూడుండ్రి. గా ఛానలే ఫోన్ల గూడ వస్తది, గదే సిన్మ. నేను డబ్బా సూస్తున్న."

గీత ఒక్కసారిగా లేచింది. టీవీలో బొమ్మ పూర్తిగా పోయి నీలం తెర మిగిలింది.

మార్తక్క మేడ ఎక్కి డబ్బా మీద రెండు దెబ్బలు వేసి దిగింది. గ్రూపులో మళ్లీ చెప్పింది. "ఇంకో పది నిమిషాలు ఫోన్లనే సూడుండ్రి." గీత ఇంకో మెట్టు ఎక్కింది.

ఆ మాటలు నాకు తెలుగు కాబట్టి, చిన్నప్పటి నుంచి వింటున్న గొంతు కాబట్టి, వినీ విననట్టు వదిలేశాను. భట్టాచార్య గారికి తెలుగు రాదు. ఆయనకు తెలిసింది ఒక్కటే: ఆమె ఫోనులో మాట్లాడిన ప్రతిసారీ గీత లేస్తోంది. ఆవిడ ఏమంటోందని అడిగారు. తర్జుమా చేశాను. చేస్తూ ఉండగానే వాక్యం సగంలో ఆగిపోయాను.

సంగతి ఇది. సాంచాలు నడిచే రోజుల్లో కనేరి చేతులు ఖాళీగా ఉండవు. ఫోన్లు గోడకున్న సంచుల్లో ఉంటాయి. బేస్ స్టేషనుకు పని లేదు, పని లేకపోతే అది పెద్దగా తరంగాలు వదలదు. శుక్రవారం అందరూ ఇళ్లలో ఉంటారు. కొందరు ఫోన్లు తెరుస్తారు. బేస్ స్టేషను గొంతు పెంచుతుంది. డిష్షు చెవి కాస్త దిమ్మెక్కి బొమ్మ గళ్లవుతుంది. అక్కడితో ఆగితే అది చిన్న అంతరాయం. కాని మార్తక్క మర్యాద తెలిసిన మనిషి. చందాదారుకు సినిమా ఆగకూడదు. అందుకని మిగతావాళ్లను కూడా ఫోన్ల మీదికి పంపుతుంది. అందరూ అదే సినిమాను ఎదురు బేస్ స్టేషను ద్వారా చూడటం మొదలుపెడతారు. దాంతో డిష్షుకు పూర్తిగా చెవుడు. ఆమె తన డిష్షును నెలన్నరగా ప్రతి శుక్రవారం తన గొంతుతోనే మూసేస్తోంది.

ఇదంతా ఆమెకు చెప్పాను.

"అంటే నా బొమ్మను నేనే పోగొట్టుకుంటున్ననా?"

"సగం టవరు, సగం నువ్వు అక్కా."

"గా సగం నాకే ఎందుకు పెట్టినవ్? ఢిల్లీ సార్లకు ఇంత గూడ పెట్టవా?"

భట్టాచార్య గారికి కావాల్సింది రుజువు. ఆవిణ్ని దీనికి తలకిందుల మాట చెప్పమనండి, ఏమవుతుందో చూద్దాం అన్నారు. అందరూ ఫోన్లు మూసి టీవీ ముందు కూర్చోమని చెప్పాలన్నమాట. మార్తక్క ఒప్పుకోలేదు.

"నీలం తెర ముంగట కూసొమ్మని ఎట్ల చెప్పాలె తమ్మీ? సగం మంది ఇప్పటికే నన్ను తిడ్తున్నరు. వీళ్లు పెండ్లాలను పక్కకు పెడ్తరు గని ఫోన్లు పక్కకు పెడ్తరా?"

బొమ్మ రాకపోతే అని అడగబోయి ఆగింది. తర్కం ప్రకారం రావాలి. నాలుగు రోజులుగా తర్కం ప్రకారం శుక్రవారం బొమ్మ బాగుండాలి కూడా.

చివరికి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "అందరు వినుండ్రి. ఫోన్లు బంద్ జేసి టీవీల ముందట కూసోండ్రి. వైఫై డబ్బా స్విచ్చి గూడ తీయుండ్రి. పది నిమిషాల బొమ్మ వస్తది. రాకుంటే మీరే మీదికెక్కి నా డిష్షు పీకుండ్రి, నేనే టెంపో మాట్లాడి కబాడీకి తోలిస్త."

గీత వెంటనే దిగలేదు. తర్వాత ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు. మేడల్లో పెట్టెలు ఒక్కొక్కటే ఆరిపోతున్నట్టు తెర మీద కనబడుతోంది. నీలం తెరలో గళ్లు మొలిచాయి. ఇంకా ముఖం తయారు కాలేదు. గీత ఒకచోట నిలిచిపోయింది. ఎవరో ఒకరు ఆపలేదు.

"రాజేశం పెద్దబాపు," అంది మార్తక్క, ఆలోచించకుండానే. రెండో అంతస్తుకు మెట్లెక్కింది, వెనకే నేను. డెబ్బై ఏళ్ల రాజేశం పెద్దబాపు జగిత్యాలలో ఉన్న చెల్లెలితో వీడియో కాల్లో ఉన్నాడు. ఆవిడ తెర మీద తోటకూర ఏరుతోంది.

"పెద్దబాపూ, ఫోన్ పెట్టేయ్."

"ఏందే, నా చెల్లెతోని మాట్లాడద్దా?"

మార్తక్క ఫోను లాక్కుని, తెరలో ఉన్నావిడతో మర్యాదగా చెప్పింది. "అత్తమ్మా, ఈడ ఢిల్లీ గవర్నమెంటు మీ అన్న ఫోన్ బంద్ జేయమంటున్నది. మల్ల జేస్తడు."

ఆవిడ తోటకూర వదిలేసి, "ఏం జేసిండమ్మా మా అన్న?" అనేలోగా కాల్ ఆగింది.

మేం మెట్లు దిగకముందే సందంతా ఒకటే కేక. బొమ్మ వచ్చింది. వ్యాను దగ్గరికి వచ్చేసరికి భట్టాచార్య గారు గీతను భద్రపరిచి, కొలత ఒక్కసారి సరిపోదు, మూడుసార్లు కావాలన్నారు. మార్తక్క గ్రూపులో ఇంకో రెండుసార్లు జనాన్ని ఫోన్ల మీదికి పంపింది, వెనక్కి పిలిచింది. రెండోసారి బాగానే విన్నారు. మూడోసారి సినిమాలో పతాక సన్నివేశం, కొంతమంది వినలేదు. గీత సగమే దిగింది. పత్రం అనుబంధంలో దాన్ని 'పాక్షిక సహకారం' అని రాశాం.

ఇక పత్రం. ఇక్కడ ఒక అడ్డు వచ్చింది. మార్తక్క డిష్షు రిజిస్టర్ కాలేదు. రిజిస్టర్ కాని డిష్షుకు రక్షణ కోరే హక్కు లేదు. మా రికార్డుల ప్రకారం ఆ డిష్షు లేదు, లేనిదానికి అంతరాయం కలగదు. భట్టాచార్య గారు దీన్ని వేళాకోళంగా అనలేదు, నిబంధన అలాగే ఉంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, వ్యానులోకి వస్తున్న తీగ వంక చూశారు. ఆ తీగ ఏమిటని అడిగారు. మన తీగే సార్, డిష్షు నుంచి చీల్చుకున్నాం అన్నాను. అయితే తీగకు ఈ చివర మన ఎనలైజరు ఉంది కదా, అదీ రిసీవరే అన్నారు. ఉందన్నాను. అలా ఆ శుక్రవారం మధ్యాహ్నం మార్తక్క డిష్షు 'పరీక్ష బృందపు ప్రామాణిక గ్రాహక వ్యవస్థ' అయింది. ఈ మాట ఆమెకు చెబితే, గవర్నమెంటు సామాన్లయితే గవర్నమెంటే మీదికెక్కి కాకుల రెట్టలు కడగాలంది.

నాలుగో పేరా మార్చాం. "ప్రజలు ఇళ్లలో ఉండే సెలవు రోజున, ఒకే కార్యక్రమాన్ని ఎక్కువమంది ఒకేసారి మొబైల్ ద్వారా చూసినప్పుడు, ఉపగ్రహ టీవీకి అంతరాయం కనబడింది. కనుక గార్డ్ బ్యాండ్, గ్రాహక కేంద్రాలకు ఫిల్టర్లు అవసరం." గడువుకు కాస్త ముందు పంపించాం. వెంటనే ఢిల్లీ నుంచి పైఅధికారి ఫోను. నాలుగు రోజులు లేనిది ఐదో రోజు ఎలా వచ్చింది అని అడిగారు. ఈరోజు సెలవండి అని భట్టాచార్య గారు జవాబిచ్చారు. అవతలివైపు ఫోను పెట్టేసిన చప్పుడు. నాకు శాలువా కప్పడానికి కారణం ఆ చప్పుడేనని మా నాన్న నమ్మకం. నేనైతే కాంట్రాక్టు నియమాలే కారణమంటాను.

ఆ తర్వాత మా వాక్యం చేసిన ప్రయాణంలో నేను లేను, కాగితాలు మాత్రం చూశాను. ప్రాంతీయ సమావేశంలో 'అవసరం' అన్నది 'పరిశీలించవచ్చు' అయింది. ఇంకో సమావేశంలో 'తగిన చోట్ల' చేరింది. పెద్ద సమావేశానికి వెళ్లేసరికి 'జాతీయ పరిస్థితులకు లోబడి' కూడా చేరి, వాక్యం పొడుగై, బలం తగ్గింది. అయినా రెండు విషయాలు మిగిలాయి: రెండు పట్టీల నడుమ కొంత ఖాళీ, రిజిస్టరైన డిష్షులకు ఫిల్టరు. మొబైల్‌కు ఎక్కువ పట్టీలు అడగడమూ అందులో ఉంది. అభివృద్ధి చెందుతున్న దేశం రెండూ అడిగింది, రెండూ కొంచెం కొంచెం తెచ్చుకుంది.

మార్తక్క డిష్షును రిజిస్టర్ చేయించడానికి ప్రపంచ సమావేశం కంటే ఎక్కువ కాలం పట్టింది. దరఖాస్తులో డిష్షు అక్షాంశ రేఖాంశాలు అడిగారు. ఆమె 'మార్కండేయ గుడి వెనుక' అని రాయించింది. నేను సరిచేశాను. చివరికి కంపెనీ మనిషి వచ్చి ఫిల్టరు ఇచ్చాడు. డిష్షు నోటికి, డబ్బాకు నడుమ బిగించే ఇనప ముక్క, చపాతీ కర్ర అంత ఉంటుంది. అది పొరుగు పట్టీ శబ్దాన్ని ఆపేసి, గుసగుసను మాత్రమే లోపలికి వదులుతుంది. బిగించిన రోజు గురువారం. ఆమె నమ్మలేదు. శుక్రవారం దాకా ఆగి, సినిమా మొత్తం చూసి, అప్పుడు ఫోను చేసింది.

"నిలవడ్డది తమ్మీ. అందరిని ఫోన్ల సూడుండ్రి అని గూడ చెప్పి సూసిన. అయినా నిలవడ్డది."

"మంచిదక్కా."

"మంచిదే. డిష్షును బాగు జేసినవ్. గని నేను ఫోన్ల సూడుండ్రి అన్ననాడు పోయినోల్లు ఇంకా ఫోన్లనే సూస్తున్నరు. వాళ్లకు పెట్టే ఫిల్టరు ఉంటే గది గూడ తేపో."

అలాంటిది ఇంకా తయారు కాలేదని చెప్పాను.

ఆమె దగ్గర ఎవరు మిగిలారో ఆ తర్వాత ఒకసారి చూశాను. ఎక్కువగా పనివాళ్ల గదులు. పన్నెండు మంది ఉండే గదిలో ఒక్క టీవీ పన్నెండు మందికి సరిపోతుంది, ఒక్క ఫోను సరిపోదు. తర్వాత చర్చి కుటుంబాలు, ఆదివారం ఆరాధనలో తమవాళ్లు కనబడతారని. రాజేశం పెద్దబాపు, పంతానికి. వీళ్లు కదిలేలా లేరు, ఆమె కూడా డిష్షు మాట కబాడీతో కలపడం మానేసింది.

ఈ వ్యవహారంలో నేర్చుకున్నది రెండు. ఒక ఊళ్లో ఏదైనా కొలవాలంటే ఆ ఊరి పనిరోజు కాదు, సెలవు రోజు ఏదో ముందు కనుక్కోవాలి. ఒక వస్తువు చెడితే జనం దాని బదులు ఏం వాడతారో కూడా అదే కొలతలో కలపాలి. మొదటిది మా సెల్లు నిబంధనల్లో చేరింది. రెండోది చేరలేదు.

పైలట్ మొదలైన రోజు మార్తక్క కనెక్షన్లు మూడు వందల పన్నెండు. ఫిల్టరు బిగించిన తర్వాత శుక్రవారం బొమ్మ పోయిందన్న ఫిర్యాదులు సున్నా. ఇవాళ కనెక్షన్లు తొంభై నాలుగు.